కమ్యూట్ అంటే అప్ అండ్ డౌనేనా?

[ఉదయం. ఎన్‌ఏడీ జంక్షన్, బస్సు కిటికీలోంచి]

విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం. రోజూ వెళ్లి రావడానికి ఇదే దారి, ఇదే రద్దీ. మొన్న ఫోన్‌లో ఫ్రెండ్‌తో "నా కమ్యూటే గంటన్నర పడుతోంది" అంటుంటే, మా నాన్న పేపర్ దించి అడిగారు: "నువ్వేం కమ్యూట్ చేశావురా? నీకు పింఛనెక్కడిది?"

నవ్వాను గానీ, మాట మూలానికి ఆయనే దగ్గరగా ఉన్నారు.

[నాన్న, పేపర్, టీ గ్లాసు]

కమ్యూట్ లాటిన్ నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం మార్చుకోవడం, ఒకటిచ్చి ఇంకోటి తీసుకోవడం. నాన్న రైల్వేలో రిటైరైనప్పుడు నెలనెలా రావాల్సిన పింఛనులో 40 శాతం వదులుకుని, బదులుగా ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్నారు. అదే కమ్యుటేషన్. రాష్ట్రపతి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చినా ఇంగ్లీషులో ఇదే క్రియ వాడతారు.

మరి నా బస్సు ఇందులోకి ఎలా ఎక్కింది? టికెట్టు కొనుక్కునే ఎక్కింది.

[పాత ఆవిరి రైలు బొమ్మ]

19వ శతాబ్దం మధ్యలో అమెరికా రైలు కంపెనీలు రోజూ పట్నం వచ్చిపోయేవాళ్ల కోసం ఓ పద్ధతి పెట్టాయి. ఏ రోజు టికెట్టు ఆ రోజు కొనే బదులు, అన్నిటికీ కలిపి తగ్గించిన ధర ఒకేసారి కట్టెయ్యొచ్చు. దాని పేరు కమ్యుటేషన్ టికెట్. అది జేబులో ఉన్నవాడు కమ్యూటర్. వాడు చేసేది కమ్యూట్. విజయనగరం నుంచి రోజూ విశాఖ వచ్చేవాళ్ల సీజన్ టికెట్టు ఆ వంశానిదే.

[ప్లాట్‌ఫాం, దిగుతున్న జనం]

తెలుగులో ఏమందాం? తిరుపతి వెళ్లినా ప్రయాణమే, కాబట్టి అది చాలదు. రాకపోకలు పేపర్ల మాట, వానొస్తే స్తంభించేవి. జనం నోట్లో ఉన్నది వేరు. అనకాపల్లి నుంచి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాణ్ని ఇక్కడ ఏమని అడుగుతారు? "ఏటి గురూ, రూమ్ తీసుకున్నావా, అప్ అండ్ డౌనేనా?"

ముక్కలు ఇంగ్లీషువే, వాడుక మాత్రం మనది. నన్నడిగితే కమ్యూట్‌కి ఇంతకన్నా అచ్చమైన తెలుగు లేదు.

ఒక్క జాగ్రత్త. ఆదివారం అరకు వెళ్లడం కమ్యూట్ కాదు. ఆఫీసు పని మీద ఒకసారి హైదరాబాద్ వెళ్లొచ్చినా కాదు. పనికో చదువుకో అలవాటుగా వెళ్లి రావాలి.

[మళ్లీ ఇల్లు]

ఇదంతా నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విని, "కమ్యూట్ చేసిన 15 ఏళ్లకి నాకు కోసిన పింఛను మళ్లీ కలుపుతారు. నీ గంటన్నర ఎవరు కలుపుతార్రా?" అని పేపర్ ఎత్తుకున్నారు.