పెద్దబాతుల దాణాలో ప్రొటీన్ తగ్గించవచ్చా?

శ్రోతలకు నమస్కారం. భీమిలి, పద్మనాభం, సబ్బవరం వైపు పెద్దబాతులు పెంచేవాళ్లను మనసులో పెట్టుకుని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

దాణాలో సోయా చెక్క లాంటి ప్రొటీన్ దినుసులకే ధర ఎక్కువ. అందుకని తగ్గిద్దామనిపిస్తుంది. తగ్గించవచ్చు కూడా. కానీ పిల్లలకు నాలుగు వారాలు నిండేదాకా వద్దు. ఆ వయసులో నూటికి 20 పాళ్ల ప్రొటీన్ కావాలి. నియాసిన్ అనే బి విటమిన్ కూడా అప్పుడే ఎక్కువ కావాలి, అది చాలకపోతే కాళ్లు వంకరపోతాయి. నాలుగు వారాలు దాటాక 15 పాళ్లు సరిపోతుంది.

అప్పుడు కూడా 20 పాళ్లే పెడుతూ పోతే? క్వింటా దాణాలో 5 కిలోల ప్రొటీన్ అదనం. అందులో దాదాపు 800 గ్రాముల నత్రజని ఉంటుంది. ఒంటికి పట్టనిదంతా రెట్టలో పోతుంది, పరిచిన ఊక తడిసి అమ్మోనియా ఘాటు పుడుతుంది. డబ్బు పెట్టి కొన్నదే పక్షి కళ్లకూ ఊపిరికీ చేటు చేస్తుంది.

ఇక ఎలా తగ్గించాలన్నది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల కూర్పు. మొత్తం తగ్గించినా వాటిలో లైసిన్, మెథియోనిన్ అనే రెండూ తగ్గకూడదు. సోయాలో లైసిన్ బాగుంటుంది, మెథియోనిన్ తక్కువ. నువ్వుల చెక్కలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. మన ఉత్తరాంధ్ర ఇళ్లలో కూర వండుకునే తెలగపిండే అది! రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. ఇంకా వెలితి ఉంటే బజారులో దొరికే మెథియోనిన్ పొడి పశువైద్యుడు చెప్పిన మోతాదులో కలపాలి.

పెద్దబాతు పుట్టుకతోనే గడ్డి మేసే పక్షి. దాని కండర జఠరం, అంటే కందనకాయ, గట్టిది, గడ్డిని నలగ్గొడుతుంది. అందుకే లేత గడ్డి, నీటి మీద తేలుతూ పెరిగే అజోల్లా, నీడలో ఆరబెట్టిన మునగాకు పొడి దానికి బాగా నప్పుతాయి. మునగాకు పొడిని కొద్దికొద్దిగా అలవాటు చేసి, నూటికి మూడు నుంచి ఐదు పాళ్లలోపే ఉంచండి.

పేగులకు మంచివని దాణాలో కలిపే వెల్లుల్లి, పసుపు సంగతి వేరు. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో, చైనా 2020లో ఆపేశాయి. మన దేశం 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. ఇలాంటి మార్పులతో పేగులకు మేలుచేసే మొక్కల దినుసుల మీద శ్రద్ధ పెరిగింది. అయితే ఇవి తోడు మాత్రమే. చిటికెడు పసుపు వేశాం కదా అని తెలగపిండి మానేస్తే పక్షి గిడసబారిపోతుంది.

నాకు అన్నిటికన్నా భయం బూజు. మన సముద్రపు తేమకు వేరుశనగ చెక్క, తవుడు ఇట్టే బూజు పడతాయి. అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం బాతు జాతి పక్షుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఈ విషంతోనే చచ్చిపోయాయి. అది వేరుశనగ చెక్కలో వచ్చిందే. పసుపు కలిపితే అలాంటి దాణా బాగుపడదు. బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పెట్టండి. వానాకాలంలో పది పదిహేను రోజులకు సరిపడానే కొనండి. ముక్క వాసన వస్తే ఎంత చవకైనా తీసుకోకండి. వాసన లేకపోయినా విషం ఉండవచ్చు కాబట్టి, అనుమానం వస్తే ఆ బస్తాను పక్కన పెట్టి, పశువైద్యుణ్ని అడిగి పరీక్ష చేయించండి.

నమస్కారం.