జల్లెడ పైన మిగిలే నేల: చెయ్యేటి గట్టు పొలాల కథ

శ్రోతలకు నమస్కారం.

మట్టి పరీక్షకు నమూనా పంపిన రైతులకు ఈ తంతు తెలిసే ఉంటుంది. పొలంలో పది చోట్ల గుంతలు తీసి, ఆ మట్టినంతా కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో సంచిలో కట్టి పంపుతాము. ప్రయోగశాలలో ముందుగా ఆ మట్టి పెళ్లలను చిదిపి, 2 మిల్లీమీటర్ల రంధ్రాలున్న జల్లెడలో జల్లిస్తారు. కిందికి దిగినదే పరీక్షకు వెళుతుంది, పైన నిలిచిన రాళ్లను పారబోస్తారు. నల్లరేగడిలోనో, డెల్టా ఒండ్రులోనో అయితే అలా పారబోసేది గుప్పెడు కూడా ఉండదు. రాయలసీమలో ఏటి గట్టు మీది కొన్ని పొలాల మట్టిని జల్లిస్తే మాత్రం తూకంలో సగం దాకా జల్లెడలోనే ఉండిపోతుంది. ఫలితాల కాగితంలో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక అన్నీ ఉంటాయి కాని, పారబోసిన ఆ సగం ఊసు సాధారణంగా ఉండదు. ఈనాటి నా ప్రసంగం ఆ సగం గురించే.

ఉదాహరణకు చెయ్యేటి లోయను తీసుకుందాము. పడమటి మెట్టప్రాంతం నుంచి వచ్చే బాహుదా, పింఛ ఏరులు కలిసి చెయ్యేరుగా మారి, పాలకొండలను చీల్చుకుని, రాజంపేట, నందలూరుల మీదుగా సాగి పెన్నలో కలుస్తుంది. పడమట పాలకొండలు, శేషాచలం, తూర్పున వెలికొండలు ఉండగా, మధ్య ఈ లోయ పొడుగ్గా పరుచుకుని ఉంటుంది. ఉమ్మడి కడప జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఇది కోస్తా జిల్లాలతో పోలిస్తే తక్కువే అయినా, నేల స్వభావాన్ని తేల్చేది వాన మొత్తం కన్నా అది కురిసే తీరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏరు ఎండి ఇసుక తిన్నెగా ఉంటుంది, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వచ్చినప్పుడు రెండు మూడు రోజుల్లోనే గట్లు దాటి పారుతుంది. నిదానంగా ఏడాదంతా పారే నది బురదను మోస్తుంది. ఒక్కసారిగా ఉరికి వచ్చే ఏరు రాళ్లను దొర్లించుకుని వస్తుంది, వడి తగ్గిన చోట ముందు పెద్ద రాళ్లను, తరువాత గులకను, ఆ తరువాత ఇసుకను, చివరికి నిలిచిన నీటిలో నుంచి సన్నని ఒండ్రును దింపుకుంటూ పోతుంది. అందువల్లనే ఏటి ఒడ్డుకు ఆనుకుని ఉన్న మడి మోటుగానూ, అదే రైతుకు నాలుగు గట్ల అవతల ఉన్న మడి మెత్తగానూ ఉంటాయి.

ఆ రాళ్లు ఎక్కడివో చూస్తే నేల సగం అర్థమవుతుంది. ఎగువ మెట్టల్లోని గ్రానైటు ఎండకూ వానకూ పొడి పొడిగా రాలి గరుకు ఇసుకగా మారుతుంది. లోయ అడుగున పలకలు పలకలుగా విడిపోయే షేల్ రాయి ఉంది, భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి వరుసకు మన పుల్లంపేట పేరే పెట్టుకున్నారు. అది నీటిలో నానితే మెత్తబడి బంకమట్టి అవుతుంది. ఇక కొండల మీది క్వార్ట్జైటు అనే గట్టి రాయి మాత్రం అంత సులువుగా అరగదు, కరగదు. కాబట్టి చేతికి దొరికే గులకరాళ్లలో చాలా భాగం తెల్లనివో, లేత ఎరుపువో అయిన ఈ క్వార్ట్జైటు ముక్కలే. ఎర్రచందనం పెరిగేది కూడా ఈ కొండల గరుసు నేలల్లోనే. ఏటి గులక అంచులు అరిగి నున్నగా ఉంటుంది, కొండ వాలు నుంచి జారిన రాయి కోసుగా ఉంటుంది. గట్టు తెగిన చోట నిలబడి చూస్తే బల్లపరుపు రాళ్లన్నీ పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి ఆనుకుని, ఏరు వచ్చిన వైపుకే కిందికి వాలి ఉంటాయి. ఏటి దారి మారిపోయిన చోట్ల కూడా, పాత ప్రవాహం ఎటు నుంచి వచ్చిందో ఈ వాలు చూసి చెప్పవచ్చు.

ఇటువంటి పొలంలో నిలువెత్తు గుంత తీసి, ఎండ పడే గోడను పారతో చెక్కి చూడండి. పైన జానెడు మందాన గోధుమరంగు ఇసుక గరప నేల, దాని కింద మూరెడు గులక, ఆ కింద మళ్లీ నాలుగు వేళ్ల మందాన నల్లటి మెత్తని పొర, దానికింద ఇసుక ఉండవచ్చు. ఆ నల్లటి పొర ఒకప్పటి పొలం పైమట్టి. పెంట వేసి, దున్ని, పంట తీసిన నేలను ఏదో ఒక సంవత్సరం వచ్చిన వరద గులకతో కప్పేసింది. మామూలు నేలల్లో సేంద్రియ కర్బనం పైన ఎక్కువగా ఉండి లోతుకు పోయే కొద్దీ క్రమంగా తగ్గుతుంది. ఇక్కడ తగ్గి, మళ్లీ పెరిగి, మళ్లీ తగ్గుతుంది. నేలల వర్గీకరణలో వరద మైదానపు నేలలను గుర్తించే లక్షణాలలో ఈ ఎగుడుదిగుడు ఒకటి. మన వంటి అర్ధశుష్క మండలంలో వీటిని ఉస్టిఫ్లూవెంట్లు అంటారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, దాని అర్థం ఇంతే: ఇది ఇంకా వయసుకు రాని నేల, పొరలు ఏటివే కాని నేల తనకు తాను ఏర్పరచుకున్నవి కావు.

ఇప్పుడు నీటి సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే రైతు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. రాయి నీటిని పట్టి ఉంచదు. తూకంలో సగం రాళ్లున్న మట్టిలో, రాయి బరువైనది కాబట్టి, అవి ఆక్రమించే చోటు సుమారు 36 శాతం. లెక్క సులువు కావడానికి 40 శాతం అనుకుందాము. రాళ్లు లేని ఇసుక గరప నేల అర మీటరు లోతులో మొక్కకు అందేలా దాదాపు 60 మిల్లీమీటర్ల నీటిని నిలుపుకుంటుందనుకుంటే, అందులో సగం, అంటే 30 మిల్లీమీటర్లు, ఖర్చయ్యేలోగా మళ్లీ తడి ఇవ్వాలి. వేసవిలో అరటి తోట రోజుకు 6 మిల్లీమీటర్లు తాగితే ఆ నీరు ఐదు రోజులకు సరిపోతుంది. అదే నేలలో 40 శాతం చోటు రాళ్లదైతే 60 కాస్తా 36 అవుతుంది, అందులో సగం 18, అంటే మూడే రోజులు. పక్క పొలం వారిని చూసి ఐదు రోజులకొక తడి ఇచ్చే రైతు తోట నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది. ఎక్కువ నీరు ఒకేసారి పెట్టినా లాభం లేదు, పట్టనిది కిందికి జారిపోతుంది, యూరియాను కూడా వెంట తీసుకుపోతుంది. డ్రిప్పు వేసుకున్నవారు గమనించే ఉంటారు, ఈ నేలల్లో తడి పక్కలకు పాకదు, సన్నగా నిలువునా దిగుతుంది. కాబట్టి డ్రిప్పర్లు దగ్గరగా ఉండాలి, నీటిని కొద్దికొద్దిగా తరచు ఇవ్వాలి.

అయితే గులక పొర ఎప్పుడూ శత్రువే అనుకుంటే పొరపాటు. తడి బట్టను దండెం మీద ఆరవేస్తే, చుక్కలు కారడం ఆగిపోయాక కూడా కింది అంచు చాలాసేపు తడిగానే ఉంటుంది కదా. మెత్తని మట్టి కింద గులక ఉన్నప్పుడు జరిగేది అటువంటిదే. మట్టిలోని సన్నటి రంధ్రాలకు నీటి మీద ఉన్న పట్టు, గులకరాళ్ల మధ్య ఉన్న పెద్ద సందులకు ఉండదు. అందువల్ల పైమట్టి దాదాపు నిండేదాకా నీరు కింది గులకలోకి దిగదు. రెండడుగుల మంచి మట్టి, దాని అడుగున గులక ఉన్న పొలం ఒక్కోసారి, అదే మట్టి అట్టడుగు దాకా ఉన్న పొలం కన్నా పైన ఎక్కువ పదును నిలుపుకుంటుంది. గులక పైకి వచ్చి అరడుగు మట్టే మిగిలిన చోట మాత్రం ఆ భాగ్యం లేదు. పొలం ఉపరితలం మీద పరుచుకున్న రాళ్ల విషయంలోనూ తొందరపడరాదు. వాన చినుకు దెబ్బకు నేల పైన గట్టిపొర కట్టకుండా, కింది చెమ్మ ఎండకు ఆవిరి కాకుండా అవి అడ్డుపడతాయి. గుంటకకు తగిలే పెద్ద రాళ్లను ఏరి గట్టున వేసుకోవచ్చు. చిన్న గులకను కూలి పెట్టి మరీ ఏరించడం డబ్బుకు చేటని నా అభిప్రాయం.

మరొక్క విషయం. ఏటికి కాస్త దూరంగా, ఎత్తుగా ఉన్న పాత గట్టు నేలలో నుంచి ఒక గులకరాయిని అది పడి ఉన్న తీరు గుర్తుపెట్టుకుని పైకి తీయండి. పైవైపు శుభ్రంగా ఉంటుంది, అడుగున మాత్రం సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉంటుంది. దాని మీద నిమ్మరసం పిండితే నురగ వస్తుంది. వాన నీరు సున్నాన్ని కరిగించుకుని దిగి, రాతి అడుగున చుక్కగా వేలాడి, అక్కడే ఆరిపోయి, సున్నాన్ని వదిలిపోతుంది. వానలు బాగా పడే ప్రాంతంలో ఆ సున్నం అట్టడుగుకు కొట్టుకుపోతుంది, ఎడారిలో అయితే పైపైనే ఆగిపోతుంది. మన లోయలో మూరెడు, రెండు మూరల లోతులో రాళ్ల అడుగును పట్టుకుని ఉంటుంది. నిన్నమొన్న వరద తెచ్చిన గులకకు ఈ పూత ఉండదు, పూత మందంగా ఉన్న కొద్దీ ఆ గట్టు పాతదన్నమాట. సున్నం ఎక్కువగా ఉన్న చోట చీనీ తోట వేస్తే లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతా భాగం పసుపుబారడం చూస్తాము. ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందకపోవడం వల్ల వచ్చే జబ్బు అది. నీరు నిలవని గులక నేల చీనీకి నచ్చుతుంది, సున్నమే నచ్చదు.

పోషకాల లెక్కను జల్లెడ ఎలా తప్పుదారి పట్టిస్తుందో కూడా చూద్దాము. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల నేల బరువు సుమారు 22.4 లక్షల కిలోలని పట్టుకుని, అదంతా మెత్తని మట్టే అన్నట్టు లెక్క కడతారు. కాగితంలో భాస్వరం 30 కిలోలని వస్తే, చోటులో 36 శాతం రాళ్లున్న పొలంలో నిజంగా ఉన్నది 19 కిలోలే. కాబట్టి నమూనా పంపే ముందు ఇంట్లోనే ఒక బకెట్టు మట్టిని తూచి, జల్లించి, మిగిలిన రాళ్లను తూచి, ఆ అంకె సంచి మీద రాసి పంపండి. జల్లెడ లేకపోతే పాత దోమతెర కూడా పనికివస్తుంది, దాని రంధ్రాలు కాస్త చిన్నవే అయినా అంచనాకు సరిపోతుంది.

ఈ గులక నేలల అడుగున ఇంకొక ఆస్తి ఉంది. గులకకు నీటిని పట్టే శక్తి లేకపోయినా, దాచే చోటు ఉంది. ఎండిన ఏటిలో చెలమ తీస్తే నీరు ఊరేది అందుకే. వరద రోజుల్లో ఏటి అడుగు నుంచి, గట్ల నుంచి ఇంకిన నీరే తరువాత గట్టు బావులకూ బోర్లకూ ఆధారం. ఏటిలో ఇసుకను లోతుగా తవ్వేస్తే, ఏటి నీటి మట్టంతో పాటు గట్టు మీది బావిలో మట్టమూ దిగిపోతుంది, ఎందుకంటే ఆ రెండింటికీ అడుగున ఉన్నది ఒకే గులక పొర.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు ప్రాణనష్టంతో పాటు పొలాలు కూడా ఇసుక మేటల కింద పోయాయి. మేట జానెడు లోపు ఉంటే లోతు దుక్కితో కింది మట్టిని పైకి తెచ్చి కలుపుకుని, పెంట, చెరువు మట్టి వేసుకుంటే రెండు మూడేళ్లలో నేల దారికి వస్తుంది. అంతకు మించితే తీసి పారవేయక తప్పదు, ఆ ఖర్చు చిన్న రైతు ఒక్కడు మోయగలిగేది కాదు. తీయకుండా వదిలేసిన చోట ఇప్పుడు గుంత తవ్వితే, ఇసుక కింద నల్లటి గీత ఒకటి కనిపిస్తుంది. 2021 నవంబరు 18 సాయంత్రం దాకా అదే పొలం పైమట్టి.

నమస్కారం.