వాల్టర్ టల్‌ని ‘మొదటివాడు’ అనకపోతే ఏం మిగులుతుంది?

[తెర మీద: టోటెన్‌హామ్ జట్టు తెల్ల చొక్కాలో వాల్టర్ టల్, పాత నలుపు తెలుపు ఫొటో]

వాల్టర్ టల్ ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆడి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు. అతని గురించి వెతికితే మొదట కనపడే మాట ఇది: ‘బ్రిటిష్ సైన్యంలో మొట్టమొదటి నల్లజాతి అధికారి’. అది నిజం కాదు. ‘ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మొదటి నల్లజాతి ప్రొఫెషనల్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అదీ కాదు. అతనికి చాలా ముందే, 1880లలోనే, ఆర్థర్ వార్టన్ అనే గోల్‌కీపర్ డబ్బు తీసుకుని ఆడాడు.

మరి ఆ రెండు బిరుదులూ తీసేస్తే ఇతని గురించి వీడియో ఎందుకు? తీసేశాకే ఈ మనిషి సరిగ్గా కనపడతాడని నా అభిప్రాయం. వరసగా చెప్తాను, మీరే చూడండి.

[తెర మీద: ఇంగ్లండ్ మ్యాప్, ఆగ్నేయ తీరంలో ఫోక్‌స్టోన్]

1888 ఏప్రిల్ 28. ఫోక్‌స్టోన్ అనే సముద్ర తీర పట్టణంలో వాల్టర్ పుట్టాడు. తండ్రి డేనియల్ వడ్రంగి, కరీబియన్‌లోని బార్బడోస్ నుంచి వచ్చినవాడు. డేనియల్ ముందు తరం వాళ్లది ఆ దీవిలో బానిస బతుకు. తల్లి అలిస్ ఫోక్‌స్టోన్ ఉన్న కెంట్ ప్రాంతపు తెల్లజాతి అమ్మాయి.

వాల్టర్‌కి ఏడేళ్లప్పుడు, 1895లో, తల్లి చనిపోయింది. పిల్లల్ని చూసుకోవాలి కాబట్టి తండ్రి ఆమె బంధువు క్లారాని పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆయనా పోయాడు. సంపాదించే మనిషి లేడు, ఇంటి నిండా పిల్లలు. క్లారా ఎంతకని నెట్టుకొస్తుంది? వాల్టర్‌నీ, అన్న ఎడ్వర్డ్‌నీ 1898లో లండన్ బెత్నల్ గ్రీన్‌లోని మెథడిస్ట్ అనాథాశ్రమానికి పంపేశారు.

ఆశ్రమానికి ఒక పాటల బృందం ఉండేది. ఊరూరా తిరిగి పాడి విరాళాలు పోగు చేసేవాళ్లు. అలా గ్లాస్గో వెళ్లినప్పుడు వార్నాక్ అనే కుటుంబానికి ఎడ్వర్డ్ నచ్చాడు, దత్తత తీసుకున్నారు. అతను తర్వాత దంతవైద్యుడయ్యాడు. వాల్టర్ మాత్రం ఆశ్రమంలోనే పెరిగాడు, ప్రింటింగ్ పని నేర్చుకున్నాడు, ఆశ్రమం జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. అన్నదమ్ములు విడిపోయినా సంబంధం తెగలేదు. ఈ ఎడ్వర్డ్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాడు.

[తెర మీద: 1908–09 క్లాప్టన్ జట్టు]

1908లో క్లాప్టన్ అనే అమెచ్యూర్ (ఆటగాళ్లకి జీతాల్లేని) క్లబ్ ఇతన్ని తీసుకుంది. ఆ ఒక్క సీజన్‌లో క్లాప్టన్ మూడు కప్పులు కొట్టింది, అందులో దేశవ్యాప్తంగా జరిగే ఎఫ్.ఏ. అమెచ్యూర్ కప్ ఒకటి. ‘ఫుట్‌బాల్ స్టార్’ పత్రిక ఆ ఏడాది దొరికిన మేటి ఆటగాడు ఇతనేనని రాసింది.

వెంటనే లండన్ క్లబ్ టోటెన్‌హామ్ హాట్‌స్పర్ (పొట్టిగా ‘స్పర్స్’) వాళ్లు వచ్చారు. 1909 వేసవిలో జట్టుతో పాటు అర్జెంటీనా, ఉరుగ్వే టూర్‌కి తీసుకెళ్లారు. తర్వాత ప్రొఫెషనల్‌గా ఒప్పందం. చేతికి 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్ల జీతం. తక్కువిచ్చారని అనుకోకండి. అప్పట్లో ఎంత పెద్ద ఆటగాడికైనా వారానికి అంతకు మించి ఇవ్వకూడదని రూలు.

సెప్టెంబర్‌లో మొదటి డివిజన్‌లో అరంగేట్రం, సండర్లాండ్ మీద. సొంత మైదానంలో తొలి మ్యాచ్ మాంచెస్టర్ యునైటెడ్ మీద. ఆడేది ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరసలో మధ్యకి దగ్గరగా. పరుగులో మెరుపు వేగం ఉన్నవాడు కాదు. పత్రికల వాళ్లు మెచ్చుకున్నది అతని నిబ్బరాన్ని. డిఫెండర్ తప్పు దారిలోకి జరిగేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు పాస్ ఇచ్చేవాడు. ఆ ఒక్క క్షణం ఆగడం ఎంత కష్టమో, కాలికింద బంతి, ఎదురుగా దూసుకొచ్చే మనిషి ఉన్నప్పుడు ఆడినవాళ్లకే తెలుస్తుంది.

[తెర మీద: 1909 అక్టోబర్, బ్రిస్టల్]

ఇప్పుడు అసలు విషయం. 1909 అక్టోబర్‌లో స్పర్స్ జట్టు బ్రిస్టల్ సిటీతో ఆడటానికి వాళ్ల ఊరు వెళ్లింది. ప్రేక్షకుల్లో ఒక గుంపు మ్యాచ్ పొడుగునా టల్ రంగు గురించి బూతులు తిట్టింది. బిల్లింగ్స్‌గేట్ అనేది లండన్‌లో చేపల మార్కెట్, అక్కడి నోటి దురుసు ప్రసిద్ధం. ఈ తిట్లు దానికన్నా నీచంగా ఉన్నాయని ‘ఫుట్‌బాల్ స్టార్’ విలేఖరి రాశాడు. ఆ రోజు మైదానంలో అందరికన్నా బాగా ఆడింది టల్ అనీ రాశాడు. ఇక్కడ ఆ విలేఖరిని మెచ్చుకోవాలి. 1909లో ఈ సంగతి చూసీ చూడనట్టు వదిలేసినా అడిగేవాడు లేడు.

తిట్టినవాళ్లకి ఏమీ కాలేదు. టల్ మాత్రం కొద్ది రోజుల్లోనే మొదటి జట్టులోంచి రిజర్వ్ జట్టులోకి వెళ్లిపోయాడు. ఎందుకు తీశారో క్లబ్ చెప్పలేదు. ఆట తగ్గిందని అనడానికి ఆనాటి రిపోర్టులు ఒప్పుకోవు. మొత్తం మీద స్పర్స్ తరఫున లీగ్‌లో అతను ఆడింది 10 మ్యాచ్‌లు, కొట్టింది 2 గోల్స్. అంతే.

చిన్న మాట. ‘అప్పటి కాలం అలాంటిదిలెండి’ అనే వాదన ఇక్కడ నిలబడదు. అదే కాలంలో, అదే స్టాండ్‌లో కూర్చున్న ఒక విలేఖరికి అది తప్పని తెలిసింది కదా.

[తెర మీద: నార్తాంప్టన్ టౌన్ జట్టు, హెర్బర్ట్ చాప్‌మన్]

1911 అక్టోబర్‌లో నార్తాంప్టన్ టౌన్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అతన్ని కొనుక్కున్నాడు. తర్వాతి రోజుల్లో ఆర్సెనల్‌ని పెద్ద క్లబ్‌గా నిలబెట్టింది ఈ చాప్‌మనే. నార్తాంప్టన్ సదరన్ లీగ్‌లో ఆడేది, అంటే ఒక మెట్టు దిగినట్టే. కానీ టల్‌కి అక్కడ ఊపిరాడింది. ముందు ఫార్వర్డ్‌గా, తర్వాత కాస్త వెనక ఆడే హాఫ్‌బ్యాక్‌గా, మొత్తం 110కి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఊరు అతన్ని తన మనిషిగా చూసుకుంది.

[తెర మీద: సైన్యంలో చేరమనే 1914 నాటి పోస్టర్]

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఫుట్‌బాల్ లీగ్ మాత్రం ఆగలేదు. కుర్రాళ్లు కందకాల్లో చస్తుంటే వీళ్లు జీతాలు తీసుకుని బంతి ఆడతారా అని పత్రికలు, పెద్దమనుషులు దుమ్మెత్తి పోశారు. ఆ ఒత్తిడిలోనే డిసెంబర్‌లో లండన్ ఫుల్‌హామ్ టౌన్‌హాల్‌లో మీటింగ్ పెట్టి, ఆటగాళ్ల కోసం ఒక బెటాలియన్ ప్రారంభించారు. పేరు మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్, జనం నోట్లో ‘ఫుట్‌బాలర్ల బెటాలియన్’. శనివారం మ్యాచ్‌కి వదిలిపెడతామని కూడా మాటిచ్చారు. నార్తాంప్టన్ జట్టు నుంచి ముందుగా పేరిచ్చింది టల్. అదే డిసెంబర్‌లో.

1915 నవంబర్‌లో ఫ్రాన్స్ చేరేటప్పటికే అతను సార్జెంట్ స్థాయికి వచ్చేశాడు. ఆరు నెలలు కందకాల్లో గడిచాయి. 1916 వసంతంలో అతన్ని ఆసుపత్రికి పంపారు. కాగితాల మీద రాసిన జబ్బు పేరు ‘తీవ్రమైన ఉన్మాదం’. ఇప్పుడు మనం షెల్ షాక్ అంటున్నది అదే: ఆగకుండా ఫిరంగి గుండ్లు పడుతుంటే మనసు తట్టుకోలేకపోవడం. అతన్ని వీరుడిగా చూపించే వీడియోలు ఈ భాగాన్ని దాటేస్తాయి. ఎందుకు దాటాలి? కోలుకుని మళ్లీ ఫ్రాన్స్‌లో సోమ్ నది దగ్గరి యుద్ధానికే వెళ్లాడు. చలికాలంలో ట్రెంచ్ ఫీవర్ పట్టుకుంటే ఇంగ్లండ్‌కి పంపారు. ఆ జ్వరం పేల వల్ల వస్తుంది. కందకాల్లో పేలు పట్టనివాడు లేడు.

[తెర మీద: 1917 నాటి ఫొటో, అధికారి యూనిఫాంలో టల్]

తిరిగి ఫ్రాన్స్ వెళ్లాల్సినవాణ్ని 1917 మొదట్లో స్కాట్లండ్‌లోని గేల్స్‌లో అధికారుల శిక్షణకి పంపారు. మే నెలాఖరుకి అధికారుల్లో మొదటి మెట్టైన సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. ఆనాటి సైనిక నియమాల ప్రకారం అధికారి కావాలంటే అచ్చమైన ఐరోపా సంతతి అయి ఉండాలి. మరి ఎలా ఇచ్చారు? సోమ్‌లో కుర్ర అధికారులు లెక్కలేనంత మంది పోయారు, సైన్యానికి మనుషులు కావాలి. పైగా టల్‌ని సిఫారసు చేసినవాళ్లు అతని పక్కన యుద్ధం చేసినవాళ్లు.

ఈ నియమం మనకి కొత్తది కాదు. మన సైనికులూ అదే యుద్ధంలో ఫ్రాన్స్‌లో, మెసపొటేమియాలో ఉన్నారు. ఎంత అనుభవం ఉన్నా జమేదార్, సుబేదార్ దగ్గర ఆగాల్సిందే. నిన్నగాక మొన్న వచ్చిన ఇంగ్లీషు కుర్ర లెఫ్టినెంట్ కూడా సుబేదార్‌కి పైవాడే. ఆ తలుపు 1917 ఆగస్టులో కొంచెం తెరిచారు, తొమ్మిది మంది భారతీయులకి బ్రిటిష్ అధికారులకిచ్చే కింగ్స్ కమిషన్ ఇచ్చి. టల్‌కి ఇచ్చిన మూడు నెలలకి.

ఇక ‘మొదటివాడు’ సంగతి. 1915లోనే జమైకా మూలాలున్న ఇద్దరు అధికారులయ్యారు, జార్జ్ బెమండ్, డేవిడ్ క్లెమెట్సన్. ‘నువ్వు అచ్చమైన ఐరోపా సంతతివా?’ అని ఫారంలో అడిగితే క్లెమెట్సన్ ‘కాదు’ అనే రాశాడు. అయినా తీసుకున్నారు. ఇద్దరూ యుద్ధంలోనే చనిపోయారు. వీళ్లని చరిత్రకారులు ఈమధ్యే వెలికి తీశారు. తేడా ఏంటంటే, వాళ్లు పెద్ద చదువులు చదువుకున్నవాళ్లు. టల్ అనాథాశ్రమంలో పెరిగిన ప్రింటింగ్ పనివాడు, మామూలు సిపాయిగా చేరి పైకొచ్చినవాడు. నా లెక్కలో ‘మొదటివాడు’ కన్నా ఇది పెద్ద మాట.

[తెర మీద: ఇటలీ, పియావే నది]

అధికారిగా అతన్ని మిడిల్‌సెక్స్ 23వ బెటాలియన్‌కి పంపారు. ఇదీ ఫుట్‌బాలర్ల పేరుతో పుట్టినదే. 1917 నవంబర్‌లో ఇటలీ యుద్ధరంగానికి వెళ్లారు. మంచులాంటి నీళ్లతో ఉరకలేసే పియావే నది, అవతల ఆస్ట్రియా, జర్మనీ సైన్యాలు. 1918 జనవరిలో 26 మందిని వెంటబెట్టుకుని రాత్రిపూట నది దాటి దాడి చేసి, ఒక్కరు కూడా చనిపోకుండా తిరిగొచ్చాడు. మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ అతని ధైర్యాన్నీ నిబ్బరాన్నీ మెచ్చుకుంటూ రాశాడు. తొమ్మిదేళ్ల కిందట ఫుట్‌బాల్ విలేఖరులు మెచ్చుకున్నదీ దాన్నే.

[తెర మీద: 1918 మార్చ్, ఉత్తర ఫ్రాన్స్ మ్యాప్]

మళ్లీ ఫ్రాన్స్. 1918 మార్చ్ 21న జర్మన్లు భారీ దాడి మొదలుపెట్టారు. బ్రిటిష్ సేన రోజుల తరబడి వెనక్కి తగ్గుతూ పోరాడింది. మార్చ్ 25న బపోమ్ దగ్గర ఫవ్రై అనే పల్లె పరిసరాల్లో టల్‌కి తూటా తగిలింది. వయసు 29. టామ్ బిల్లింగ్‌హామ్ అనే సిపాయి, అంతకుముందు లెస్టర్ ఫాస్ క్లబ్ గోల్‌కీపర్, అతన్ని మోసుకురావాలని చూశాడు. జర్మన్లు మీదకి వచ్చేస్తున్నారు, కుదరలేదు. శవం దొరకలేదు. సమాధి లేని 35 వేల మంది దాకా పేర్లు చెక్కిన ఆరాస్ స్మారకం మీద అతని పేరూ ఉంది.

తోటి అధికారి పికార్డ్ గ్లాస్గోలో ఉన్న ఎడ్వర్డ్‌కి ఉత్తరం రాశాడు. సిపాయిలకి వాల్టర్ అంటే ఎంత ఇష్టమో చెప్పాడు. ధైర్యం చూపిన అధికారులకిచ్చే మిలిటరీ క్రాస్ పతకానికి సిఫారసు చేశారనీ, అతను దానికి అర్హుడేననీ రాశాడు.

ఆ పతకం రాలేదు. దీని మీద బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఉద్యమం నడిచింది, ఎంపీలు కూడా అడిగారు. రంగు చూసి ఆపేశారని ఒక వాదన. అప్పటి నిబంధనల్లో చనిపోయినవాళ్లకి మిలిటరీ క్రాస్ ఇచ్చే వీలు లేదని ఇంకో వాదన, అదీ నిజమే. పియావే నది దగ్గర జనవరి దాడికీ మార్చ్ మరణానికీ మధ్య రెండు నెలల టైముంది కాబట్టి ఈ రెండో వాదన నాకు పూర్తిగా సరిపోయినట్టు అనిపించదు. మీరేమంటారో కామెంట్‌లో రాయండి.

నార్తాంప్టన్ వాళ్లు మాత్రం ఎవరి అనుమతి కోసమూ చూడలేదు. 1999లో తమ సిక్స్‌ఫీల్డ్స్ స్టేడియం పక్కన అతనికి స్మారకం కట్టుకున్నారు. స్టేడియం దగ్గరి రోడ్డు పేరు వాల్టర్ టల్ వే.

మొదట్లో చెప్పిన గోల్‌కీపర్ ఆర్థర్ వార్టన్‌ది ఇంకో పెద్ద కథ. అతను పరుగు పందేల చాంపియన్ కూడా. తర్వాతి వీడియో అతని మీదే.