చీకట్లో పాడిన పక్షులు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట 'డార్క్‌లింగ్'. పత్రికల్లోనూ రోజువారీ సంభాషణలోనూ ఇది దాదాపు వినిపించదు. కవులు మాత్రం దీన్ని మూడు వందల ఏళ్ల పాటు ఒకరి దగ్గర ఒకరు అందుకుంటూ వచ్చారు.

వినగానే 'చీకటి పడుతున్న' అనే అర్థం తోస్తుంది. చివరి 'ఇంగ్' వల్ల కలిగే భ్రమ అది. నిజానికి ఇక్కడున్న ప్రత్యయం 'లింగ్'. ఒకప్పుడు ఇంగ్లీషులో అది క్రియావిశేషణాలను తయారుచేసేది. కాబట్టి అసలు అర్థం 'చీకట్లో' అని. మన 'లో' విభక్తి చేసే పనే అది. ఆ సంగతి మరుగున పడ్డాక దాన్ని క్రియారూపమనుకుని, 'డార్కిల్' అనే కొత్త క్రియనే పుట్టించారు.

షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' మొదటి అంకంలో, రాజ్యమంతా పంచి ఇచ్చిన తండ్రిని కూతురు నిలదీస్తుంది. పక్కనున్న విదూషకుడు, పెంచిన పిచ్చుక తలనే కొరికేసిన కోకిల పిల్ల కథ చెప్పి, దీపం ఆరిపోయింది, మనం చీకట్లో మిగిలాం అంటాడు. ఆ 'చీకట్లో' అన్నచోట ఈ మాటే ఉంది.

కవి మిల్టన్ చేతిలో దీని బరువు పెరిగింది. 1652 నాటికే ఆయనకు చూపు పూర్తిగా పోయింది. 1667లో వెలువడిన 'పారడైజ్ లాస్ట్' కావ్యం మూడో సర్గను వెలుగుకు నమస్కరిస్తూ మొదలుపెట్టి, దట్టమైన నీడలో దాగి రాత్రివేళ పాడే పక్షితో తనను పోల్చుకున్నాడు. ఆ పక్షి పాడేది 'డార్క్‌లింగ్'. పగలు కూడా చీకటిగానే గడిచే మనిషి రాసిన మాట అని తెలిశాక, ఆ పంక్తిని నేను తేలిగ్గా దాటిపోలేను.

1819 వసంతంలో కవి కీట్స్ ఇదే మాటను నైటింగేల్ అనే పాడే పిట్ట మీద రాసిన గీతంలోకి తెచ్చాడు. అప్పుడు అతనికి ఇరవై మూడేళ్లు. అంతకు కొన్ని నెలల ముందే తమ్ముడు క్షయతో చనిపోయాడు. ఆ గీతంలో, రాత్రివేళ తోటలో పాదాల దగ్గర ఏ పూలున్నాయో కనిపించక, వాసనను బట్టి పోల్చుకుంటాడు. తర్వాతి చరణాన్ని 'చీకట్లో వింటున్నాను' అని ఎత్తుకుంటాడు. మిల్టన్ దగ్గర చీకట్లో ఉన్నది పాడే గొంతు. కీట్స్ దగ్గర వినే చెవి. మాట అదే, మనిషి మాత్రం పాటకు అవతలి వైపుకు వచ్చాడు. ఆ వెంటనే మరణం మీద మోహం గురించి చెబుతాడు. రెండేళ్లు తిరగకుండానే, తమ్ముణ్ణి తీసుకుపోయిన జబ్బే అతన్నీ రోమ్ నగరంలో తీసుకుపోయింది.

1867లో అచ్చయిన 'డోవర్ బీచ్' కవితలో మాథ్యూ ఆర్నల్డ్ ఈ మాటను ఒక మైదానానికి విశేషణం చేశాడు. ఎవరితో పోరాడుతున్నారో తెలియని సైన్యాలు రాత్రివేళ అక్కడ కొట్టుకుంటాయి. పక్షి లేదు, పాట లేదు.

పక్షిని మళ్లీ తెచ్చినవాడు థామస్ హార్డీ. చలికాలపు సాయంత్రం, బక్కచిక్కిన ముసలి థ్రష్ పిట్ట ఒకటి గొంతెత్తి పాడుతుంది. 1900 డిసెంబరు చివర ఒక పత్రికలో అచ్చయినప్పుడు ఆ కవిత పేరు, శతాబ్దపు మరణశయ్య దగ్గర అనే అర్థం వచ్చేది. పుస్తకంలో చేర్చేటప్పుడు 'ది డార్క్‌లింగ్ థ్రష్' అని మార్చాడు. కవిత లోపల ఎక్కడా ఆ మాట లేదు, శీర్షికలోనే ఉంది. ఆ ఒక్క మార్పుతో హార్డీ తన ముసలి పిట్టను మిల్టన్ పక్షికీ, కీట్స్ పక్షికీ చుట్టాన్ని చేశాడని నా నమ్మకం.