మాన్యుయెల్ స్పెయిన్ వాడు కాదు, బెర్లిన్ కుర్రాడు!

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాట చెప్పడానికి కూర్చున్నాను, మీకు నచ్చినా నచ్చకపోయినా చివరిదాకా అదే చెబుతాను. బీబీసీ హాస్య ధారావాహిక ‘ఫాల్టీ టవర్స్’లో హోటల్ యజమాని బాసిల్ చేతిలో దెబ్బలు తిన్న స్పానిష్ వెయిటర్ మాన్యుయెల్ అసలు స్పెయిన్ వాడే కాదు. ఆ వేషంలో ఉన్నది ఎనిమిదేళ్ళ వయసులో ప్రాణాలు దక్కించుకుని లండన్ చేరిన బెర్లిన్ కుర్రాడు, నటుడు ఆండ్రూ సాక్స్.

ఆండ్రూ సాక్స్ పేరెత్తగానే అందరూ 2008 అక్టోబరు గొడవనే తవ్వుతారు. ఆయన ఫోన్ ఎత్తకపోతే బీబీసీ వ్యాఖ్యాతలు రసెల్ బ్రాండ్, జొనాథన్ రాస్ ఆయన మనవరాలి గురించి అసభ్యపు సందేశాలు వదలడం, వాటిని బీబీసీ రేడియో 2 సిగ్గులేకుండా ప్రసారం చేయడం, ఆ తరువాత బీబీసీకి 1,50,000 పౌండ్ల జరిమానా పడడం మీకు తెలిసిన కథే. అరవై ఏళ్ళకు పైగా నటించిన మనిషి జీవితాన్ని ఆ ఇద్దరి వెకిలితనానికి అనుబంధంగా మార్చేసిన వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు విషయానికి వస్తాను. సాక్స్ 1930లో బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి యూదుడు, బీమా వ్యాపారి. 1938లో కుటుంబమంతా ఒక రెస్టారెంటులో భోజనానికి కూర్చుని ఉండగా పోలీసులు వచ్చి, కొడుకు కళ్ళ ముందే ఆయనను పట్టుకుపోయారు. పోలీసు శాఖలో పరిచయస్థుడు ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఏడాదే దేశం వదిలారు. రెస్టారెంటులో నాన్నను పోగొట్టుకోబోయిన పిల్లవాడు పెద్దవాడై, హోటల్ భోజనశాలలో నిత్యం బెదురుతూ పళ్ళేలు మోసే పాత్రతోనే ప్రపంచానికి తెలియడం కేవలం యాదృచ్ఛికమంటే నేను ఒప్పుకోను.

నా మాటకు ఆధారం అడుగుతారా? స్పానిష్ యాస తనకు రాదని, వెయిటర్‌ను జర్మన్ వాడిగా చేయవచ్చు కదా అని, బాసిల్‌గా నటించిన రచయిత జాన్ క్లీజ్‌ను అడిగానని సాక్సే చెప్పుకున్నాడు. పైగా ఆ ధారావాహికను స్పెయిన్‌లో ప్రసారం చేసినప్పుడు అనువాదంలో మాన్యుయెల్ ఇటలీ వాడయ్యాడు, కాటలోనియాలో మెక్సికో వాడయ్యాడు. దేశం మార్చినా పాత్ర చెక్కుచెదరలేదంటే, అందులో ఉన్నది స్పెయిన్ కాదు, భాష రాని చోట నెట్టుకొచ్చే పరాయివాడి ఆత్రం.

మాన్యుయెల్ విదేశీయులకు అవమానమని అంగలార్చేవారు 1975లో వచ్చిన మొదటి భాగాన్ని మరొకసారి చూడాలి. పళ్ళేల మీద వెన్న ఎక్కువైందని చెబుతూ బాసిల్ ‘ఆన్ దోజ్ ట్రేస్’ అంటాడు. మాన్యుయెల్ చెవికి అది స్పానిష్‌లో ఒకటి, రెండు, మూడులా వినబడుతుంది, వెంటనే వినయంగా ‘ఊనో, దోస్, త్రేస్’ అని యజమాని ఉచ్చారణను దిద్దుతాడు! ఇక్కడ భాష రానిది ఎవరికి? తనకు శుద్ధమైన స్పానిష్ వచ్చని గొప్పలు పోయే బాసిల్‌కే కదా.

ఇక ‘ది జర్మన్స్’ భాగం. యుద్ధం ఊసెత్తకూడదంటూనే బాసిల్ జర్మన్ అతిథులను ఏడిపించే భాగమది. నాజీల వల్ల నిజంగా ఇల్లు వదిలిన మనిషి అందులో స్పెయిన్ వాడి వేషంలో తిరుగుతున్నాడు. వంటగదిలో మంటలు అంటుకునే ఘట్టంలో, కోటు నుంచి పొగ రావడానికి వాడిన రసాయనాలు ఆయన ఒంటిని నిజంగానే కాల్చాయి, బీబీసీ ఇచ్చిన పరిహారం 700 పౌండ్లు. బాణలి దెబ్బకు తల దిమ్మెక్కిన సంగతి వేరే!

మాటలు రానివాడిగా పేరుపడిన ఈయనే 1978లో బీబీసీ రేడియో 3 కోసం ‘ది రివెంజ్’ అనే నాటిక రాసి నటించాడు. సుమారు అరగంటసేపు అందులో అడుగుల చప్పుడు, ఊపిరి, నీళ్ళ శబ్దం వంటివే తప్ప ఒక్క సంభాషణ కూడా లేదు.

నన్ను తిట్టదలచినవారు కామెంట్లలో నిరభ్యంతరంగా తిట్టవచ్చు, కానీ ముందు ‘ది జర్మన్స్’లో, అలంకరణకు తెచ్చిన దుప్పి తల ఘట్టం చూడండి. మాన్యుయెల్ కౌంటరు వెనుక కనబడకుండా వంగి, తనకు ఇంగ్లీషు వచ్చునని, పుస్తకం చదివి నేర్చుకున్నానని సంబరంగా చెబుతుంటాడు. ఆ హోటల్లోనే ఉండే ముసలి మేజరు ఆ మాటలన్నీ దుప్పి తలే చెబుతోందనుకుని, ఎంతో మర్యాదగా దానితో ముచ్చటిస్తాడు.