ట్రాక్ డేకి ఏ బండి? ఫోన్-ఇన్ పూర్తి పాఠం

యాంకర్: నమస్కారం. ఈ వారం మనతో ఉన్నవారు హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా గ్యారేజీ నడుపుతూ, వీలు దొరికినప్పుడల్లా రేస్ ట్రాక్ మీద బండి తోలే సార్. తక్కువ ఖర్చులో, రోడ్డు మీద కూడా నడుపుకునేలా, ట్రాక్ డేకి పనికొచ్చే కారు ఏది అన్నది విషయం. సార్, అసలు ట్రాక్ డే అంటే?

నిపుణుడు: రేసు కాదు. ముందు అది బుర్రలోకి ఎక్కాలి. పోటీ లేదు, కప్పు లేదు. ఫీజు కట్టి, నంబర్ ప్లేటున్న మన సొంత బండినే ట్రాక్ మీద తోలుకోవడం. ఎదురు బండి రాదు, గేదె అడ్డం రాదు, అంతే. మనకు అందుబాటులో ఉన్నది చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, 1990లో మొదలైంది, పూర్తి పొడవు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరి ట్రాక్ ఉంది. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది, 2011 నుంచి మూడేళ్లు ఫార్ములా వన్ జరిగింది అక్కడే. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అదే ఎలక్ట్రిక్ కార్ల రేసు, పెట్టారు కదా అంటారు, అది మామూలు రోడ్డు, రేసు అయిపోయాక మళ్లీ ట్రాఫిక్కే. కాబట్టి హైదరాబాద్ వాళ్లు 600 కిలోమీటర్లు దాటి చెన్నై వెళ్లాలి, రోజంతా ట్రాక్ మీద బండిని పిండాలి, అదే బండిలో ఇంటికి రావాలి. ఇంటికి రావాలి అన్నది మర్చిపోకండి, ఎందుకంటే కొనేటప్పుడు అందరూ మర్చిపోయేది అదే.

యాంకర్: మొదటి కాలర్, వరంగల్ నుంచి. చెప్పండి.

కాలర్ (వరంగల్): అన్నా నమస్తే. మా నాన్న స్విఫ్ట్ ఉంది, పెట్రోల్, 2012 మోడల్. దాంతో వెళ్లొచ్చా, లేక వేరే బండి కొనాలా?

నిపుణుడు: నాన్నకు తెలుసా?

కాలర్ (వరంగల్): ఇంకా చెప్పలేదన్నా.

నిపుణుడు: ముందు చెప్పు. ఆ తర్వాత దాంతోనే వెళ్లు. మొదటిసారికి కొత్త బండి కొనడం దండగ. నీకు ట్రాక్ నచ్చుతుందో లేదో కూడా తెలియదు కదా. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు?

కాలర్ (వరంగల్): అది... తక్కువైనప్పుడు పోస్తారనుకుంటా.

నిపుణుడు: అదిగో. అందరూ ఇదే చెబుతారు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అని ఒక రకం ఉంటుంది, ఆ కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగితే ఏం కాదు. ట్రాక్ మీద నాలుగు ల్యాపులు, అంటే నాలుగు రౌండ్లు, గట్టిగా బ్రేకు కొడితే లోపల మరిగి ఆవిరి బుడగలు వస్తాయి, అప్పుడు పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి కానీ బ్రేకు పట్టదు. పెడల్ నేలకు దిగిపోతుంది. మూడు వందల రూపాయల డబ్బా కోసం కక్కుర్తి పడి కారు గోడకు పెట్టుకోవద్దు. ఫ్లూయిడ్ మార్చి, టైర్ల తేదీ చూసుకుని వెళ్లు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటితే టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా వద్దు.

యాంకర్: థాంక్యూ. గుంటూరు నుంచి కాలర్.

కాలర్ (గుంటూరు): నమస్కారమండి. నేను రెగ్యులర్‌గా వింటానండి మీ ప్రోగ్రాం. నాది ఎరువుల వ్యాపారం అండి, ఇప్పుడు సీజన్ కాదు కాబట్టి కాస్త ఖాళీ. నాలుగు లక్షలు పక్కన పెట్టాను. మా బావమరిది ఏమంటాడంటే పాత ఆక్టేవియా తీసుకో బావా, ఆ పికప్ వేరు అంటాడు. నాకేమో పోలో జీటీ, ఆ ఆటోమేటిక్ ఉంది చూడండి, అది ఇష్టం. ఒకటి చూశాను కూడా, ఎరుపు రంగు, విజయవాడలో. వాడు నాలుగున్నర చెబుతున్నాడు, నాలుగుకి ఇస్తాడు. తీసుకోమంటారా?

నిపుణుడు: మీరెప్పుడైనా ట్రాక్ మీద తోలారా?

కాలర్ (గుంటూరు): లేదండి. కానీ హైవే మీద బాగానే తోలతాను. విజయవాడ నుంచి హైదరాబాద్...

నిపుణుడు: హైవే లెక్క వేరు. హైవే మీద మీరు బ్రేకు వేసేది ఎప్పుడో ఒకసారి. ట్రాక్ మీద ప్రతి మలుపుకూ వేస్తారు. వేగం రెండింతలైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. బండి బరువు పెరిగితే అదీ పెరుగుతుంది. ఆక్టేవియా బరువు పదమూడు వందల కిలోల లెక్క. 2018లో వచ్చిన స్విఫ్ట్ పెట్రోల్ తొమ్మిది వందల లోపే. ఆ నాలుగు వందల కిలోలను ప్రతి మలుపులో ఆపేది బ్రేక్ ప్యాడ్లూ టైర్లూ. ఆ బిల్లు కట్టేది మీరు, మీ బావమరిది కాదు.

కాలర్ (గుంటూరు): (నవ్వు) అంతేనండి, వాడు సలహాలే ఇస్తాడు. అయితే పోలో తీసుకోమంటారు.

నిపుణుడు: నేనలా అనలేదండి. పోలో మంచి బండే. దాంతో ఇక్కడ రేసులే నడిపారు, పోలో కప్ అని 2010లో మొదలుపెట్టారు. కానీ మీరు చెప్పే 1.2 జీటీ గేర్‌బాక్స్ డ్రై క్లచ్ డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, క్లచ్ నూనెలో మునిగి ఉండదు. మన ఎండలో ట్రాక్ మీద గంటల తరబడి కొడితే వేడెక్కుతుంది. బాగు చేయించాల్సి వస్తే బిల్లు చిన్నది కాదు. పైగా వాడిన బండి, ముందాయన ఎలా వాడాడో మనకేం తెలుసు. పోలోనే కావాలంటే 2020 తర్వాత వచ్చిన 1.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ మాన్యువల్, 110 పీఎస్ పవర్, చూడండి. కానీ 2022లో తయారీ ఆపేశారు కాబట్టి అభిమానులు ధర దించరు, నాలుగు లక్షలకు రాకపోవచ్చు.

కాలర్ (గుంటూరు): మరి నాలుగు లక్షల్లో ఏదండి?

నిపుణుడు: నాలుగు లక్షలుంటే నాలుగు లక్షల బండి కొనకండి. మూడు లోపు బండి, మిగతాది ప్యాడ్లు, ఫ్లూయిడ్, టైర్లు, ఫీజు, పెట్రోలు. స్విఫ్ట్ పెట్రోల్ మాన్యువల్ చూడండి, పార్టులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, చెన్నై దారిలో ఓంగోలులో ఆగిపోయినా బాగుచేసేవాడు ఉంటాడు. బాలెనో ఆర్ఎస్ అని 2017 నుంచి 2020 దాకా అమ్మారు, ఒక లీటరు టర్బో, నాలుగు చక్రాలకూ డిస్కులు, దొరికితే అదృష్టం, కానీ ఎక్కువ అమ్ముడుపోలేదు. ఇంకోటి చెప్తాను, నవ్వకండి. ఎటియోస్ పెట్రోల్.

కాలర్ (గుంటూరు): ఎటియోసా? అది ట్యాక్సీ కదండీ!

నిపుణుడు: అందుకే చవక. 1.5 పెట్రోల్, 90 పీఎస్, వెయ్యి కిలోల లోపు బరువు. అదే బండితో టయోటా వాళ్లు 2013లో ఇక్కడ రేస్ సిరీస్ నడిపారు. సీట్లు బాగుండవు, మీటరు మధ్యలో ఉంటుంది, అమ్మాయిలు తిరిగి చూడరు. ఇంజను మాత్రం చావదు. ఒక్కటే షరతు, పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకు మార్చిన బండి వద్దు. ఆర్సీ చరిత్ర చూడండి.

కాలర్ (గుంటూరు): సరేనండి సరేనండి. కానీ ఆ ఎరుపు పోలో చాలా నీట్‌గా ఉందండి. ఓనర్ డాక్టరు గారు. దాన్ని కొంచెం నెమ్మదిగా తోలితే?

నిపుణుడు: నెమ్మదిగా తోలడానికి ట్రాక్ దాకా ఎందుకండి! మళ్లీ చెప్తున్నాను. మొదటి బండి మాన్యువల్, తేలిక, టర్బో లేకపోతే ఇంకా మంచిది, గుద్దుకున్నా కళ్లనీళ్లు పెట్టుకోనంత చవక. మీకు ఎరుపు రంగు మీద మనసైతే ఇంటికి కొనుక్కోండి, పెళ్లిళ్లకు వేసుకెళ్లండి.

కాలర్ (గుంటూరు): (నవ్వు) మా ఆవిడ కూడా ఇదే అంది.

నిపుణుడు: ఆవిడ మాట వినండి. కొనే ముందు కూలెంట్ ట్యాంకు మూత తీసి చూడండి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే. నూనె తెట్టు కనపడితే వెనక్కి తిరిగి రండి. నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ మొత్తం నొక్కండి, ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ అరిగింది. ప్రమాదం జరిగిందా చూసుకోండి. బ్రేక్ ఫ్లూయిడ్ సరే, అది మీ చేతనే మార్పిస్తాను.

యాంకర్: థాంక్యూ అండి. చాలామంది లైన్లో ఉన్నారు. తర్వాత హైదరాబాద్, ఉప్పల్.

కాలర్ (ఉప్పల్): సార్, ట్రాక్ ఫీజు ఎందుకు, మేం ఫ్రెండ్స్ అందరం రాత్రి పన్నెండు తర్వాత ఓఆర్ఆర్ మీద...

నిపుణుడు: ఆపు. అది ట్రాక్ కాదు, నలుగురు తిరిగే రోడ్డు. లారీ పార్కింగ్ లైట్లు లేకుండా ఆగి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా. దానికన్నా ముందు చావు ఉంది. తర్వాతి కాల్ తీసుకోండి.

యాంకర్: విశాఖ నుంచి మేడమ్.

కాలర్ (విశాఖ): నమస్తే సార్. నా దగ్గర ఐ20 ఎన్ లైన్ ఉంది, 2022, డీసీటీ ఆటోమేటిక్. వారంటీ ఇంకా ఉంది. ట్రాక్ డేకి తీసుకెళ్తే వారంటీ, ఇన్సూరెన్స్ సంగతేంటి?

నిపుణుడు: మంచి ప్రశ్న అడిగావమ్మా, ఎవరూ అడగరు. ఇన్సూరెన్స్ పాలసీ కాగితం తీసి, వాడకం పరిమితులు అని ఉండే చోట చదువు. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కు వాడితే వర్తించదని ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదని మనం వాదించవచ్చు, కానీ ఆ వాదన కంపెనీతో, ఆ తర్వాత కన్జ్యూమర్ కోర్టులో. కాబట్టి అక్కడ గుద్దుకుంటే పైసా రాదని లెక్కేసుకునే వెళ్లాలి. వారంటీ బుక్‌లెట్లో కూడా చాలా కంపెనీలు రేసింగ్ వాడకాన్ని మినహాయిస్తాయి. లోన్ మీద ఉందా?

కాలర్ (విశాఖ): ఇంకా రెండేళ్లు ఉంది సార్.

నిపుణుడు: అయితే వద్దమ్మా. లోన్ ఉన్న బండి ట్రాక్ మీదకు తీసుకెళ్లకూడదు. బండి నుజ్జైపోయినా ఈఎమ్ఐ ఆగదు. తప్పదంటే మూడు ల్యాపులు తోలి బయటకు రా, గేర్‌బాక్స్ వేడి హెచ్చరిక వెలిగితే అక్కడితో ఆపెయ్. బ్రేకులు వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేక్ వెయ్యొద్దు, ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి చల్లారాక ఆపి గేరులో పెట్టు, డీసీటీ అయితే పార్కులో పెట్టి చక్రం కింద రాయి పెట్టుకో.

కాలర్ (విశాఖ): స్ప్రింగులు కిందికి దించమని, సైలెన్సర్ మార్చమని గ్యారేజీలో అంటున్నారు.

నిపుణుడు: డబ్బులు వాళ్లకొస్తాయి, చలాన్ నీకొస్తుంది. అదే చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన మూల స్వరూపం మార్చకూడదు. ప్యాడ్లు, ఫ్లూయిడ్, టైర్లు, ఇవి మారిస్తే ఎవరూ ఏమనరు, లాభమూ వాటిలోనే. ఇంకోటి, టైర్లలో గాలి. ట్రాక్ నుంచి లోపలికి రాగానే గేజి పెట్టి చూడు, వేడికి నాలుగైదు పీఎస్ఐ పెరిగి ఉంటుంది, కంపెనీ చెప్పిన అంకెకు దించు. సాయంత్రం హైవే ఎక్కే ముందు మళ్లీ కొట్టించుకో, ఇది చాలామంది మర్చిపోతారు.

యాంకర్: థాంక్యూ మేడమ్. అమెరికా నుంచి, డాలస్.

కాలర్ (డాలస్): సార్ నమస్తే. ఇక్కడ ఆస్టిన్ ట్రాక్‌కి వెళ్లాలని ఉంది. పాత మాజ్దా మియాటా తీసుకుందామనుకుంటున్నా, 2001ది.

నిపుణుడు: మీ దగ్గర చవకకు, నమ్మకానికి అంతకు మించింది లేదు. తేలిక, పార్టులు కుప్పలు. ఓపెన్ టాప్ కాబట్టి చాలా చోట్ల రోల్ బార్, అంటే బండి తిరగబడితే తల కాపాడే ఇనుప కమ్మీ, లేకపోతే ట్రాక్ మీదకు రానివ్వరు, కొనేటప్పుడే ఉన్నది చూసుకోండి. హెల్మెట్ స్నెల్ ఎస్ఏ రకం, అంటే కారు రేసింగ్‌ది, బైకులది కాదు. మీ దగ్గర ఒక్క రోజుకు ట్రాక్ ఇన్సూరెన్స్ విడిగా అమ్ముతారు, అదీ...

కాలర్ (డాలస్): హలో? సార్ వినపడట్లేదు... (లైన్ కట్)

యాంకర్: లైన్ పోయింది. నెల్లూరు నుంచి ఆఖరి కాలర్. త్వరగా అండి, రెండు నిమిషాలే ఉంది.

కాలర్ (నెల్లూరు): సార్, మాకు చెన్నై ట్రాక్ దగ్గరే. మా ఇంట్లో స్కార్పియో ఉంది...

నిపుణుడు: వద్దు.

కాలర్ (నెల్లూరు): చిన్నగా తోలినా?

నిపుణుడు: ఎత్తైన బండి, మలుపులో ఒరుగుతుంది, ఆ బరువుకు బ్రేకులు చాలవు. చాలా ట్రాక్ డేల్లో తీసుకోరు కూడా. మీకు దగ్గర కాబట్టి ముందు బండి లేకుండానే ఒకరోజు వెళ్లి చూసి రండి. ఎవరి బండి లోపలికి వచ్చాక బానెట్ ఎత్తుకుని కూర్చుందో, ఎవరిది సాయంత్రం దాకా తిరుగుతుందో చూస్తే మీకే అర్థమవుతుంది. ఆ తిరిగే బండి ఓనర్‌ని పక్కకు పిలిచి, టీ తాగించి, అమ్ముతాడేమో అడగండి.

కాలర్ (నెల్లూరు): అమ్ముతారంటారా?

నిపుణుడు: అడిగితే పోయేదేముంది. కానీ ట్రాక్ మీద తిరిగిన బండి కాబట్టి బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు...

యాంకర్: సార్, టైమ్ అయిపోయింది. అందరికీ థాంక్యూ. వచ్చే వారం ఇదే టైమ్‌కి, బోర్ మోటార్ల గురించి.