బడి నుంచి వచ్చే మొదటి కబురు

శ్రోతలకు నమస్కారం.

బడి నుంచి ఇంటికి ఫోను వచ్చిందంటే తల్లి నోట ముందుగా వచ్చే మాట, "ఏమైంది? ఏం చేశాడు?" అనే. దెబ్బ తగిలిందో, ఎవరినైనా కొట్టాడో, ఫీజు బాకీ ఉందో అని ఆమె గుండె ఝల్లుమంటుంది. మంచి కబురు చెప్పడానికి కూడా బడి ఫోను చేస్తుందన్న ఊహ చాలా ఇళ్లకు ఇంకా అలవాటు కాలేదు. బడికీ ఇంటికీ మధ్య పొత్తు కుదరాలని కోరుకొనేవారు మొట్టమొదట పట్టించుకోవలసింది ఈ భయాన్నే అని నా నమ్మకం.

తల్లిదండ్రుల సమావేశాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. వరుసలో నిలబడిన తల్లి వంతు రాగానే, ఉపాధ్యాయురాలు మార్కుల జాబితా మీద వేలు పెట్టి, పిల్లవాడు లెక్కల్లో వెనకబడ్డాడనీ, ఇంట్లో దగ్గర కూర్చోబెట్టుకొని చదివించాలనీ చెబుతుంది. తల్లి తల ఊపి, చూపించిన చోట సంతకం పెట్టి వెళ్లిపోతుంది. కొన్నాళ్లుగా వాడు పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకొని చదువుతున్నాడని ఆమెకు తెలుసు. వెనక బెంచీలో కూర్చొనే వాడికి నల్లబల్ల మీది అంకెలు ఆనడం లేదేమో అన్న అనుమానం ఉపాధ్యాయురాలికి కలగడానికి ఆ ఒక్క సంగతి చాలు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మానసిక వైద్యుడు జేమ్స్ కోమర్, 1968లో న్యూహేవెన్ నగరంలో చదువులో బాగా వెనకబడిన రెండు ప్రాథమిక పాఠశాలల్లో పని మొదలుపెట్టారు. ప్రధానోపాధ్యాయుడు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చొని బడి వ్యవహారాలను చర్చించే బృందాన్ని ఏర్పరచి, దానికి మూడు నియమాలు పెట్టారు. ఓట్లు లెక్కపెట్టకుండా ఏకాభిప్రాయానికి రావాలన్నది ఒకటి, ఒకరి పనికి ఒకరు అడ్డుపడకుండా సహకరించాలన్నది మరొకటి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది మిగిలిన నియమం: తప్పు ఎవరిదని వెతకకుండా, సమస్యను ఎలా తీర్చాలో మాత్రమే మాట్లాడుకోవాలి. నింద పడదన్న ధైర్యం ఉన్నచోటనే తల్లి తన ఇంటి సంగతిని, ఉపాధ్యాయుడు తన ఇబ్బందిని దాచకుండా చెప్పగలుగుతారు. ఆ బడుల్లో హాజరు, చదువు మెరుగుపడడానికి ఏళ్లు పట్టింది. ఒక్క సభ పెట్టి ఫలితం ఆశించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. అన్నట్టు, కోమర్ తల్లి ఇళ్లలో పనిచేసి బతికిన మనిషి, బడి చదువు దాదాపు లేని మనిషి. చదువు రాని తల్లికి పిల్లల చదువు పట్టదనే మాటను ఆయన ఎన్నడూ ఒప్పుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

విద్యా పరిశోధకుడు లూయిస్ మోల్, ఆయన సహచరులు అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో చేసి, 1992లో ప్రచురించిన పని ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడి ఉపాధ్యాయులు మెక్సికో మూలాలున్న విద్యార్థుల ఇళ్లకు తనిఖీకి కాకుండా, నేర్చుకోవడానికి వెళ్లారు. ఆ ఇళ్లలో వ్యవసాయం, ఇంటి నిర్మాణం, మరమ్మతులు, మూలికల వైద్యం, వ్యాపారం వంటి ఎన్నో విద్యలు కనిపించాయి. ఒక పిల్లవాడు మెక్సికో నుంచి మిఠాయిలు తెచ్చి ఇరుగుపొరుగుకు అమ్ముతున్నాడని తెలుసుకొన్న ఉపాధ్యాయురాలు మిఠాయి మీదనే పాఠాలు అల్లింది. ఒక విద్యార్థి తల్లి తరగతికి వచ్చి మిఠాయి తయారీ నేర్పింది. ఆ రోజు తరగతిలో గురువు స్థానం ఆ తల్లిదే.

పొత్తు ఇంటి గడప దగ్గరే ఆగిపోనక్కరలేదు. కళ్లు పరీక్షించే వైద్యుడు, సాయంత్రాలు తలుపు తెరిచి ఉంచే గ్రంథాలయం, తన పనితనాన్ని పిల్లలకు చూపించగల వడ్రంగి, వీరంతా బడికి అందుబాటులో ఉన్నవారే. అయితే సమావేశాన్ని కూలిపని వేళలో పెట్టి, తల్లిదండ్రులకు అర్థం కాని భాషలో నడిపి, రాలేదని వారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

విద్యా సంవత్సరం మొదటి నెలలోనే, ఇంకా ఏ పరీక్షా జరగకముందే, ప్రతి ఇంటికీ ఒక్క ఫోను చేయమని ఉపాధ్యాయులను కోరుతున్నాను. "మీ అబ్బాయి సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు, నేను తెలుసుకోవలసినది ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగి, ఆమె తటపటాయించినా కాస్త ఓపిక పట్టండి. పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకొని చదివే ఆ పిల్లవాడు మర్నాడే ముందు బెంచీలోకి మారతాడు.